ఒకే చేతిరాతతో పద్నాలుగు చీటీలు

కంప్యూటర్లో జిల్లా పటం చూసి, ఫలానా చోట పిల్లలు దిగులుగా ఉన్నారు, ఫలానా చోట బాగున్నారు అని చెప్పేసే వాళ్ళను నేను ఇప్పటికీ నమ్మను. ఇది వృత్తి నేర్పిన గుణమో, పుట్టుకతో వచ్చిందో తెలియదు. మా ఆఫీసులో నా వెనక నన్ను 'పోలీసమ్మ' అనేవారు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే ఆ పేరు నాకు కొంచెం నచ్చింది కూడా.

నేను అనంతపురం జిల్లాలో బడి పిల్లలకు కౌన్సెలర్‌గా పనిచేశాను. రెండు వేల సంవత్సరానికి కాస్త ముందు మొదలుపెట్టి, ఆ దశాబ్దం చివరిదాకా. వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్ళు అందులో చాలానే ఉన్నాయి. వేరుశనగ ఎండిపోతే పెద్దవాళ్ళు బెంగళూరుకు కూలికి పోయేవారు, పిల్లలు అవ్వల దగ్గర ఉండి బడికి వచ్చేవారు. అలాంటి పిల్లల మనసు ఎలా ఉంటుందో కనుక్కోవడం, అవసరమైతే డాక్టరు దగ్గరకు చేర్చడం మా స్వచ్ఛంద సంస్థ పని. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గరకొచ్చి ఏ కోర్సు మంచిది, ఏ పుస్తకం చదవాలి అని అడుగుతుంటారు. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే, నేను చేసిన ఒక పెద్ద తప్పు. పిల్లల పేర్లు, టీచరు పేరు మార్చాను. బడుల పేర్లు చెప్పను.

చీటీల పెట్టె

మాకు ఒకే వ్యాన్ ఉండేది. అందులో నేను, వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరు, డ్రైవరు. జిల్లా చూస్తే ఎంత పెద్దదో మీకు తెలుసు. గోరంట్ల వెళ్ళిన రోజు ఇంకో వైపు తల తిప్పడానికి కూడా వీలుండేది కాదు. అందుకని హైదరాబాదు నుంచి వచ్చిన మా ప్రాజెక్టు అధికారి శ్రీధర్ ఒక పద్ధతి పెట్టారు. హైస్కూళ్ళలో తాళం వేసిన చెక్కపెట్టెలు పెట్టాం. పిల్లలు పేరు రాయకుండా తమ బాధ ఒక చీటీ మీద రాసి, తరగతి, ఊరు మాత్రం వేసి, పెట్టెలో పడేయాలి. నెలకోసారి చీటీలు తెచ్చి, ఒక్కో చీటీకి ఒక్కో ఎర్రచుక్క చొప్పున కంప్యూటర్లో జిల్లా పటం మీద పెట్టేవాళ్ళం. చుక్కలు ఎక్కువగా ఉన్న చోటికి వ్యాన్ వెళ్తుంది. చుక్కల్లేని చోటికి వెళ్ళదు.

చుక్కలు పెట్టేవాడు జిలానీ. రాప్తాడు వాడు, అప్పటికి ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. అంతకుముందు సర్వే ఆఫీసులో పటాలు గీసే పని చేశాడు. జిల్లాలో ఏ వాగు, ఏ వంక ఎటు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. మాట్లాడేది తక్కువ. నాకు తక్కువ మాట్లాడేవాళ్ళ మీద కూడా అనుమానమే, కానీ అతని మీద ఎందుకో రాలేదు.

శ్రీధర్ చెడ్డవాడు కాదు. ఆ కాలంలో పిల్లల మనసు గురించి ఆలోచించే అధికారి దొరకడమే గొప్ప. కానీ ఆయనకు చుక్కలంటే మోజు. నెలాఖరుకి పటం ఎర్రగా కనిపిస్తే ఆయన మొహం వెలిగిపోయేది. అది నాకు మొదటి నుంచీ నచ్చలేదు. పిల్లల బాధ పెరిగితే పని బాగా జరుగుతున్నట్టు లెక్క కావడం ఏమిటని అడిగాను. చెప్పుకోగలుగుతున్నారని అర్థం మేడమ్ అన్నారు. ఆ జవాబులో తప్పు పట్టలేకపోయాను, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

నా అనుమానం గెలిచిన రోజు

రాప్తాడు వైపు ఒక బడి నుంచి ఒకే నెలలో ముప్పైకి పైగా చీటీలు వచ్చాయి. అన్నీ ఒకే పద్ధతి. 'నాకు చదువుమీద ఏకాగ్రత కుదరడం లేదు, తగిన మార్గదర్శనం కోరుతున్నాను.' ఎనిమిదో తరగతి పిల్లలు అలా రాస్తారా? నేను వ్యాన్ దిగి నేరుగా హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్ళి, హాజరుపట్టీ తీయించి చీటీల పక్కన పెట్టాను. రాత ఆయనదే. వ్యాన్‌లో వచ్చే డాక్టరు చేత పిల్లలందరికీ కళ్ళు, పళ్ళు చూపించవచ్చని ఆశపడ్డాడట. పాపం, ఆశ మంచిదే. కానీ ఆ నెల వ్యాన్ వెళ్ళాల్సిన రెండు ఊళ్ళు ఆయన చుక్కల వల్ల ఆగిపోయాయి.

ఆ సంఘటనతో ఆఫీసులో నా పరపతి పెరిగింది. ఇక మీదట చీటీలన్నీ నేను చూసి సరేనన్నాకే నెల పటం ఖాయం కావాలని శ్రీధర్ ఆదేశించారు. నేను మురిసిపోయాను. అబద్ధాన్ని వాసన పట్టగలనని నాకు గర్వం పట్టుకుంది. ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదమైనది అదేనని అప్పుడు ఎవరైనా చెప్పినా వినేదాన్ని కాదు.

పద్నాలుగు చీటీలు

ఆ తర్వాత రెండు నెలలకు నల్లమాడ దాటాక ఉన్న ఒక హైస్కూలు పెట్టెలోంచి పద్నాలుగు చీటీలు వచ్చాయి. అంతకుముందు ఆ బడి నుంచి ఒక్కటీ రాలేదు. పద్నాలుగూ ఒకే చేతిరాత. ముత్యాల్లాంటి గుండ్రని అక్షరాలు, ఒకే నీలం సిరా. ఊళ్ళ పేర్లు మాత్రం వేర్వేరు. గొల్లకొట్టాలు, సున్నపుబావి, మొండిగుట్ట కింద, ఇలా ఆరేడు.

ఒక చీటీలో, నాయన బెంగళూరు నుంచి ఉత్తరం రాయడం మానేశాడని ఉంది. ఇంకో దానిలో, గుండె దడగా ఉండి లెక్కల పరీక్షలో చెయ్యి ఆడలేదని. తొమ్మిదో చీటీ మీద తరగతి, ఊరు కూడా వేయలేదు, రెండే వాక్యాలు: 'మా అమ్మ పోయినప్పటి నుంచి నాకు దేని మీదా మనసు లేదు. బతకబుద్ధి కావడం లేదు.'

దాన్ని చదివి నేను ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. ఈసారి ఎవరో తెలివిగా రాశారు, మమ్మల్ని పరుగెత్తించడానికి ఈ మాట కలిపారు అనుకున్నాను. ఇప్పటికీ ఆ చీటీ తలచుకుంటే సిగ్గుతో ముడుచుకుపోతాను.

ఆ బడిలో పెట్టె తాళం విజయకుమారి అనే తెలుగు టీచరు దగ్గర ఉండేది. కదిరి నుంచి రోజూ బస్సులో వచ్చేది. చీటీలు ఆమె ముందు పరిచి, ఇవి ఎవరు రాశారని అడిగాను. ఆమె ఒక్కొక్కటీ తీసి చూసింది. తొమ్మిదోది చూసినప్పుడు ఆమె మొహం మారింది. నాకు తెలియదు మేడమ్ అంది. ఒక కాగితం ఇచ్చి నాలుగు వాక్యాలు రాయమన్నాను. రాసింది. ఆమె రాత కోలగా, వాలుగా ఉంది, చీటీల రాత కాదు. అయినా నేను తగ్గలేదు. మీరు చెబుతుంటే ఎవరైనా పిల్ల రాసి ఉండొచ్చు కదా అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ జవాబు చెప్పలేదు. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, పెట్టె తీసుకుపొమ్మంది.

జవాబు లేకపోవడమే నేరం ఒప్పుకోవడమని తీర్మానించాను. పద్నాలుగు చీటీల మీదా 'కల్పితం' అని రాసి, చుక్కలు తీసేయమని జిలానీకి చెప్పాను.

జిలానీ ఆ రోజు మాత్రం నోరు తెరిచాడు. "అక్కా, ఈ ఊర్ల పేర్లు మన లిస్టులో లేవు. గవర్మెంటు పటంలో కూడా లేవు. ఆడ పుట్టి పెరిగినోళ్ళకు తప్ప తెలీవు. టీచరమ్మ కదిరామె కదా, ఆయమ్మకు ఎట్ల తెలుస్తాయి?"

లిస్టులో లేవంటే ఆ ఊళ్ళే లేవేమో, అది కూడా కల్పనే అన్నాను. అతను సరేలే అక్కా అన్నాడు. పటం మీద నల్లమాడ వైపు తెల్లగా అయిపోయింది. చుక్కలు తగ్గినా, దొంగ చీటీలు పట్టుకున్నానని శ్రీధర్ నన్ను మెచ్చుకున్నారు. వ్యాన్ అటు వెళ్ళలేదు.

జిలానీ తీసేయని చుక్కలు

అయిదు నెలలు గడిచాయి. ఒక సోమవారం నేను ఆఫీసుకు వచ్చేసరికి జిలానీ కంప్యూటర్ ముందు నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆదివారం నల్లమాడ అవతల బంధువుల ఇంట పెళ్ళికి పోయాడట. పెళ్ళి భోజనం అయ్యాక ఒకరి దగ్గర సైకిలు అడిగి తీసుకుని, చీటీల్లోని ఊళ్ళ కోసం తిరిగాడట. అన్నీ ఉన్నాయి. ఒక్కో చోట పది పదిహేను ఇళ్ళు. గొల్లకొట్టాలు, సున్నపుబావి, అన్నీ.

అప్పుడు అతను తెరమీద ఒక బొమ్మ చూపించాడు. నేను తీసేయమన్న పద్నాలుగు చుక్కలు అతను తీసేయలేదు. బూడిదరంగులోకి మార్చి, పటం పైకి కనపడకుండా వేరే పొరలో దాచాడు. ఇప్పుడు ఊరు లేని తొమ్మిదోదాన్ని బడి దగ్గరే ఉంచి, మిగతావాటిని ఆ ఊళ్ళ అసలు జాగాల్లో పెట్టాడు. చుక్కలన్నీ చెల్లాచెదురుగా లేవు. బడి దగ్గర మొదలై, గుట్ట పక్కగా, వంక దాటి, ఒకే దారి వెంబడి వరసగా ఉన్నాయి.

"ఇది పిల్లోళ్ళు నడిసే దారి అక్కా. ఈ కొట్టాలకు బస్సు లేదు. అందరూ కలిసి పోతారు, కలిసి వస్తారు. ఒకరు రాసిండొచ్చు. బాధ మాత్రం ఒకరిది కాదు."

అప్పుడు కూడా నాకు అనుమానం రాకపోలేదు. పెళ్ళికి పోయినవాడికి ఇంత పని ఎందుకు, టీచరమ్మ బంధువేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను. అంత పాడు బుద్ధి నాది. ఆ తర్వాత తొమ్మిదో చీటీ గుర్తొచ్చింది. అది నిజమైతే, ఎక్కడో ఒక పిల్ల అయిదు నెలల క్రితం బతకాలని లేదని మాకు చెప్పింది. మేము పోలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఉందా లేదా అన్నది కూడా మాకు తెలియదు.

టీచరమ్మ ఎందుకు చెప్పలేదు

మరునాడే ఆ బడికి పోయాను. విజయకుమారి నన్ను చూసి కుర్చీ వేసింది, కానీ తను కూర్చోలేదు. తప్పు నాదేనని చెప్పాను. క్షమించమన్నాను.

ఆ రాత ఎవరిదో ఆమెకు మొదటి రోజే తెలుసట. మూడేళ్ళుగా ఆ పిల్ల పరీక్ష పేపర్లు దిద్దుతోంది, తెలియకుండా ఎలా ఉంటుంది? "ఆ రోజు చెప్పింటే మీరు ఆ పిల్లను నిలబెట్టి, నన్ను అడిగినట్టే అడిగిండేవాళ్ళు మేడమ్. నేను తట్టుకున్నా. అది తట్టుకోదు," అంది.

పెట్టె తీసుకుపోయాక తనకు తోచిన రీతిలో ఆ దారి పిల్లల్ని కనిపెట్టుకుంటూనే వచ్చిందట. కానీ తల్లిని పోగొట్టుకున్న పిల్లలు, బడి మానేసిన పిల్లలు ఆ దారిలో చాలామందే ఉన్నారు, ఏ చీటీ ఎవరిదో ఆమెకూ తెలియదు. అది తెలిసింది రాసిన పిల్ల ఒక్కదానికే. పదో తరగతి, పేరు నాగరత్న, ఉండేది దారి చివర ఉన్న కొట్టాల్లో. తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనుల్లో ఉన్నారు. నన్ను ఆ పిల్ల దగ్గరకు గదిలో కాదు, దారిలో పరిచయం చేస్తానంది. ఆ తర్వాత మాట్లాడటం, మాట్లాడకపోవడం ఆ పిల్ల ఇష్టమని చెప్పింది.

కొట్టాల దారి

సాయంత్రం బడి వదిలాక పిల్లలతో పాటు నడిచాను. అయిదు కిలోమీటర్లు. మొదటి రోజు నాతో ఎవరూ మాట్లాడలేదు. నేను రెండడుగులు వేగంగా వేస్తే వాళ్ళు నెమ్మదించేవారు, నేను నెమ్మదిస్తే వాళ్ళు ముందుకు పోయేవారు. జీవితమంతా ఇతరులను అనుమానంగా చూసినదాన్ని, నన్ను అలా చూస్తే ఎంత నొప్పిగా ఉంటుందో ఆ దారిలో తెలిసింది.

రెండో వారం నుంచి ఒకరిద్దరు పక్కన నడవడం మొదలుపెట్టారు. ఈ విషయం మీరు రాసి పెట్టుకోండి. ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెడితే నోరు విప్పని పిల్లలు, పక్కపక్కన నడుస్తూ, నేల చూస్తూ అన్నీ చెబుతారు. మొహం మొహం చూసుకోనక్కర లేదు కదా. నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ ఇది చెప్పలేదు.

నాగరత్న మూడో వారంలో మాట్లాడింది. ఒక్కతే ఎందుకు రాశావని నేను అడగలేదు, తనే చెప్పింది. "మా సార్లకు, టీచర్లకు అందరి రాతా తెలుసు మేడమ్. పేరు లేకున్నా కనుక్కుంటారు. అందుకే మనం నడిసే ఈ దావలో కూసోని వీళ్ళు చెప్తాంటే నేను రాసినా. దొరికితే నేనొక్కదాన్నే దొరుకుతా కదా."

పేరు వద్దన్నాం గనుక గుట్టు దాగుతుందని మేము అనుకున్నాం. హైదరాబాదు నుంచి వచ్చిన శ్రీధర్‌కే కాదు, ఇక్కడే పుట్టిన నాకు కూడా, నలభై మంది ఉండే తరగతిలో చేతిరాత కూడా పేరేనని తోచలేదు. పదో తరగతి పిల్ల మాకంటే బాగా ఆలోచించింది. దాన్నే నేను మోసమన్నాను.

తొమ్మిదో చీటీ ఎవరిదని అడిగాను. ఆ పిల్ల ఆగిపోయింది. చెప్పనని ఒట్టు వేశానంది. నేను బతిమాలాను. చెబితే మళ్ళీ అబద్ధమంటారేమో అంది. ఒక్కటి చెప్పు, ఆ పిల్ల ఉందా అని అడిగాను. ఉందంది నాగరత్న. దాన్నే అడిగొస్తా, అది సరేనంటే తీసుకుపోతానంది.

ఆ జవాబు రావడానికి వారం పట్టింది. ఆ వారం నేను నిద్ర లేకుండా గడిపాను. నన్ను ఊరుకోబెట్టడానికే ఉందని చెప్పిందేమో అని వంద సార్లు అనుకున్నాను. మీలో అనుమానపు మనుషులు ఉంటే వాళ్ళకు ఒక మాట. అనుమానించడం మానమని నేను చెప్పను, నేనూ మానలేదు. కాకపోతే అనుమానం వచ్చిన ప్రతిసారీ, ఇది తప్పైతే ఎవరు నష్టపోతారని మిమ్మల్ని మీరు అడగండి. రాప్తాడు వైపు నేను పొరబడి ఉంటే ఒక హెడ్‌మాస్టరు చిన్నబుచ్చుకునేవాడు, అంతే. ఇక్కడ లెక్క వేరు. నేను రెండు చోట్లా ఒకే తూకం వాడాను.

హుసేన్‌బీ

రమ్మన్న ఆ పిల్ల పేరు హుసేన్‌బీ, సున్నపుబావిలో చివరి ఇల్లు. నాయన నల్లమాడలో దర్జీ, వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. తల్లి పోయి ఏడాది దాటింది. హుసేన్‌బీ బడి మానేసి నాలుగు నెలలైంది. మాట్లాడటం లేదని, తినడం లేదని, గాలి సోకిందేమోనని వాళ్ళ అవ్వ చేతికి తాయెత్తు కట్టించింది. మేము వెళ్ళేసరికి ఆ పిల్ల గడపలో కూర్చుని నాయన పంపిన చొక్కాలకు కాజాలు కుడుతోంది. సన్నగా, ఎండిపోయి ఉంది. తల ఎత్తలేదు. నాగరత్న వెళ్ళి పక్కన కూర్చుంది.

నేను కింద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. నీ చీటీ మాకు అందింది. అది అబద్ధమని పక్కన పెట్టించింది నేనే. టీచరమ్మ తప్పు లేదు, నాగరత్న తప్పు లేదు.

సూది ఆగలేదు. ఒక కాజా పూర్తయి, దారం తెంపాక అంది. "చీటీ వేసినాక వ్యాన్ వస్తాదనుకున్నా. నెల దినాలు రోడ్డు మీద బస్సు నిలిచే కాడికి పోయి నిలబడినా. బడికి పోని రోజు కూడా ఆడికి పోయినా."

నేను ఏడ్చాను. పిల్లల ముందు కౌన్సెలర్ ఏడవకూడదంటారు. అననీ.

కాసేపటికి, వచ్చే మంగళవారం డాక్టరును తీసుకొస్తానని చెప్పాను. హుసేన్‌బీ మొదటిసారి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. చీటీల మీదకు వంగినప్పుడు నాది అలాగే ఉండేది. లోపలికి వెళ్ళి నాయన కొలతలు రాసుకునే పుస్తకం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"రాసియ్యండి," అంది.

మంగళవారం పది గంటలకు వస్తానని రాసి సంతకం పెట్టాను. ఆ పిల్ల చదివి, కాగితం చింపి, నాగరత్న చేతికి ఇచ్చింది.

మంగళవారం మేము పోయేసరికి ఇద్దరూ బస్సు నిలిచే చోట ఉన్నారు. వ్యాన్ తలుపు తీశాం. హుసేన్‌బీ ఎక్కలేదు. నాగరత్న దగ్గర కాగితం తీసుకుని, సంతకం చూసి, నన్ను చూసి, అప్పుడు ఎక్కింది. కోలుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా, దిగే ముందు ప్రతిసారీ, మళ్ళీ వచ్చే రోజు నా చేత రాయించుకునేది.